కచేరి గడప

ఒకప్పటి దొర కచేరి ఇప్పుడు ఊరి బడి. దాన్ని కూలగొట్టే పనికి ఒప్పుకుని ఆదివారం పొద్దున్నే గడ్డపారతో వచ్చిన కొడుక్కి, గడప ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ తల్లి కనిపించింది.

"నువ్వేందమ్మా గీడ? జరుగు, గోడ మీద వడ్తది."

"బడి కూలగొట్టి ఏం జేస్తర్రా?"

"రోడ్డు పొంటి సిమెంటుది కడ్తరట. గీ గోడలు పాతవడ్డయ్."

"పాతవడ్తె సున్నం వెట్టి బాగుజేయరాదా? మరి గీ జాగ ఎవ్వలకు?"

కొడుకు గడ్డపార మొనతో నేల గీశాడు. "దొరకే మళ్ల ఇస్తరట."

"మీ నాయిన చెప్పులు చేతవట్టుకొని ఎండల నిలవడ్డ జాగరా ఇది! ఇప్పుడు రోజు గా లోపట నీ బిడ్డ కూసోని చదువుకుంటాంది. ఎంత పెద్ద బడి కట్టినా గీ ముచ్చట దాంట్ల ఉంటదా?"

"నాకు తెల్వదా అమ్మా? పనికి ఒప్పుకున్న. మాట పోతది."

"పోతె పోనీ." ఆమె గడప మీద చతికిలబడింది. "అప్పట్ల నన్ను గీ వాకిట్లకు గూడ రానియ్యలే. ఇప్పుడు ఎవ్వడు లేపుతడో చూస్త."

వీధి మలుపులో పని అప్పజెప్పిన మేస్త్రీ కనిపించాడు. కొడుకు అటు చూశాడు, ఇటు చూశాడు. గడ్డపారను గోడకు ఆనించాడు.

"జర జరుగమ్మా. నేను గూడ కూసుంట."