ఆటో అడ్డా నుంచి తెచ్చిన తండ్రి

నా పేరు భూక్యా సురేందర్. తండ్రి పేరు సక్రు. వయసు పద్దెనిమిది. ఉండేది మహబూబాబాద్ జిల్లా, కురవి దగ్గర తండా. వృత్తి: పోయిన మంగళవారం ఉదయం పదకొండున్నర దాకా ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థి. ఆ తర్వాత ఏమిటన్నది ఈ కాగితం పూర్తయ్యాక తేలుతుంది. ఈ రోజు శుక్రవారం జనగామ ఠాణాలో ఎస్సై గారు అడగగా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. తండ్రి విషయంలోనే నా మీద ఫిర్యాదు ఉంది కనుక ఇంకోసారి స్పష్టం చేస్తున్నాను: సక్రు, మిరప రైతు. బయట బెంచీ మీద కూర్చున్నది ఆయనే, అసలు వారు.

కాలేజీ పేరు ఫిర్యాదులో ఉంది, నేను మళ్లీ చెప్పను. నేను ఇంటర్ దాకా గురుకులంలో చదివాను. అక్కడ పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా పాఠం తెలుగులో చెప్పేవారు. అక్కడ నేనే ఫస్టు. ఇక్కడ మొదటి రోజు సారు లోపలికి రాగానే లేచి నిలబడి, గురుకులంలో అలవాటైనట్టు "గుడ్ మార్నింగ్ సార్" అని రాగం తీశాను. అక్కడ నలభై మందిమి కలిసి తీసేవాళ్లం. ఇక్కడ ఒక్కణ్నే తీశాను. క్లాసంతా నవ్వింది. మర్నాడు కావాలనే ఇంకా పొడుగ్గా తీశాను. నవ్వు ఎలాగూ ఆగదు, కనీసం దానికి యజమానినైనా అవుదామనుకున్నాను. ఆ రోజు నుంచి క్లాసులో నవ్వించడం నా డ్యూటీ. దానికి మార్కులు లేవు.

మొదటి సెమిస్టర్‌లో వర్క్‌షాపు ల్యాబ్ తప్ప అన్నీ పోయాయి. ఆ ల్యాబ్‌లో ఇనప ముక్కను ఆకురాయితో రుద్దాలి. రుద్దాను, పాసయ్యాను. డ్రాయింగ్‌లో వస్తువును అడ్డంగా కోసి లోపల ఏముందో గీయమంటారు. నాకు ఆ వస్తువు బయట నుంచే కనిపించలేదు. లెక్కల క్లాసులో సారు బోర్డు తుడిచే వేగానికి నేను రాయడం మానేసి చూడటం మొదలుపెట్టాను. తర్వాత చూడటం కూడా మానేశాను. జనవరి నుంచి హాస్టల్‌లో బ్యాగు తగిలించుకుని బయలుదేరి, క్లాసుకు బదులు జనగామ రైల్వే స్టేషన్‌కు పోయేవాణ్ని. మా మహబూబాబాద్ మీదుగా డోర్నకల్ వైపు పోయే బండ్లు ఆగేవి. ఎక్కేవాణ్ని కాదు. అవి కదిలాక లేచి వచ్చేవాణ్ని. ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను.

ఇంటి నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ వచ్చేది. బాపు "సదువు ఎట్లయితున్నది బిడ్డా" అనేవాడు. నేను "మంచిగైతున్నది బాపు" అనేవాణ్ని. ఆయన ఆ మాటే పక్కనున్న మా అమ్మ సోమ్లీకి చెప్పేవాడు, ఆమె తండాకు చెప్పేది. తండాలో నన్ను ఇంజినీరు అనే పిలుస్తారు.

పోయిన సోమవారం మా డిపార్ట్‌మెంట్ పెద్ద జగన్మోహన్ సారు నన్ను పిలిచి, మర్నాడు తండ్రిని తీసుకురాకపోతే క్లాసులోకి రానివ్వనన్నారు. ఆఫీసు అన్నది ఏదైనా సరే, మా బాపు చెప్పులు గడప బయట విడిచి, లోపల చేతులు కట్టుకుని నిలబడతాడు. నా మార్కులు వింటూ ఆయన అలా నిలబడటం నేను చూడలేను. ఈ మాట నా రూమ్మేట్ మహేశ్‌తో అన్నాను. మహేశ్‌ది భూపాలపల్లి, వాళ్ల నాయిన బొగ్గుబావిలో పనిచేస్తాడు. "గింత దానికి పరేషాన్ ఎందుకురా, అడ్డా మీద బాపులు దొరకరా" అన్నాడు.

అయ్యా, మా కాలేజీలో ఇది కొత్త కాదు. గేటు ముందు ఆటో అడ్డాలో తండ్రులు దొరుకుతారు. మీసం ఉన్నవారు, లేనివారు, గట్టిగా తిట్టేవారు, మెల్లగా కొట్టేవారు. నేను పాలకుర్తి రూటులో ఆటో నడిపే ఐలయ్య కాకను ఎంచుకున్నాను, ముఖం మంచిదని. ప్రతిఫలం ఒక ప్లేటు బిర్యానీ. ఆయన చెప్పాల్సింది మూడు మాటలే. ఇగ మంచిగ చదువుతడు, ఈ ఒక్కసారి చూడుర్రి, దండం సారు. మధ్యలో నా వీపు మీద ఒక దెబ్బ. ఆటోలోనే రెండుసార్లు రిహార్సల్ చేశాం. దెబ్బ బాగా కుదిరింది.

మంగళవారం పదకొండు గంటలకు లోపలికి పోయాం. సారు నా మార్కులు, హాజరు చదివారు. ఐలయ్య కాక మొదటి మాట చెప్పాడు. అప్పుడు సారు, వీడు క్లాసులో అందరినీ నవ్విస్తాడని, ఇప్పుడు రావడమే మానేశాడని, పగలంతా ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదని అన్నారు. కాక రెండో మాట మరిచిపోయాడు. నా వైపు తిరిగాడు.

"నిద్ర పడుతున్నదా బిడ్డా?"

ఇది రిహార్సల్‌లో లేదు. పడుతోందని చెప్పబోయాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. సారు కిటికీ వైపు చూశారు. కాక కొట్టాల్సిన చేతిని నా వీపు మీద పెట్టాడు, తీయలేదు.

"సారు, నా పోరన్ని నేను తీస్కపోత" అన్నాడు.

సారు ఆలస్యం చేయలేదు. చదువు మానిపిస్తున్నట్టు కాగితం రాయించి ముందు పెట్టారు. నేను చూస్తుండగానే కాక సక్రు పేరు కింద వేలిముద్ర వేశాడు. ఈయన మా బాపు కాదని అప్పుడు నేను అనగలిగేవాణ్ని. అనలేదు. బయటికి వచ్చాక కాక ఆటో దగ్గర ఆగాడు. "తప్పు చేస్తినా బిడ్డా" అన్నాడు. బిర్యానీ వద్దని ఆటో తీసుకుని పోయాడు.

బుధవారం ఆఫీసు వాళ్లు సర్టిఫికెట్లు తీసుకుపొమ్మని మా బాపుకు ఫోన్ చేశారు. నిన్న ఆయన వచ్చాడు. ఒక విద్యార్థికి ఇద్దరు తండ్రులు కావడంతో కాలేజీ వారు ఫిర్యాదు చేశారు.

నిన్న సాయంత్రమే కాలేజీ వారు ఒక దారి కూడా చూపించారు. ఆటో డ్రైవరు తనంతట తానే వచ్చాడని, నాకు తెలియకుండా వేలిముద్ర వేశాడని నేను ఇక్కడ చెబితే ఆ కాగితం చెల్లదు, నా సీటు ఉంటుంది. కేసు ఐలయ్య మీద నడుస్తుంది. బాపు రాత్రంతా నన్ను బతిమాలాడు. పొద్దున ఠాణా మెట్ల దగ్గర కూడా మా లంబాడీలో అదే అన్నాడు, తెలుగులో చెబితే: "తెల్వదని చెప్పు బిడ్డా. ఒక్క మాటనే గద."

ఆ మాట నేను చెప్పడం లేదు. ఐలయ్యను తెచ్చింది నేను. ఆయన వేలిముద్ర వేస్తుంటే చూస్తూ ఊరుకున్నది నేను. ఆపాలని నాకు అనిపించలేదు. సీటు తిరిగి ఇచ్చినా ఆ క్లాసులో కూర్చోవడం నా వల్ల కాదు. ఇంటికి పోయి ఏం చేస్తావని ఎస్సై గారు అడిగారు. తెలియదు. తండాకు పోయే మొహం కూడా లేదు.

ఐలయ్య కాక మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పై సంగతులన్నీ నేను చెప్పినవే, నేను చెప్పినట్టే రాశారు. రాసింది చదువుతున్నప్పుడు బాపును కూడా లోపలికి పిలిచారు. అంతా విని, "ఇంకోపారి సదువుర్రి సారు" అన్నాడు. ఎస్సై గారు ఇంకోసారి చదివారు. రెండోసారి కూడా అదే ఉంది.

(సంతకం)
భూక్యా సురేందర్