డ్రైవరు దిగే చోటు

బస్సు డ్రైవరుగా పోయిన నెలే రిటైరైన తండ్రి కొత్త బూట్లకు లేసులు ఎక్కిస్తున్నాడు. ఎదురుగా కూతురు ఫోనులో టికెట్లు వెతుకుతోంది.

“నెల రోజుల యాత్ర, అంతా నడకే. ఈ బూట్లు ఆగుతాయా నాన్నా?”

“బూట్ల సంగతి నాకొదిలెయ్. నువ్వు టికెట్ సంగతి చూడు.”

“రైలైతే హాయిగా పడుకుని వెళ్ళొచ్చు.”

“రైలు చేరేసరికి ఎండెక్కుతుంది. నా బస్సైతే తెల్లవారేసరికి, నడక మొదలయ్యే గేటు ముందే దింపుతుంది.”

“డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంది. తీసుకోనా?”

“అది మాత్రం వద్దు. మలుపు వచ్చినప్పుడల్లా నా కాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది. వెనకెక్కడైనా చూడు.”

“సరే. ఎందుకైనా మంచిది, అదే బస్సుకి తిరుగు టికెట్ కూడా తీసి ఉంచుతాను. మోకాలు మొరాయిస్తే వచ్చేయొచ్చు.”

“మోకాలికి నేను చెప్పుకుంటాలే. తిరుగు టికెట్ వద్దు.”

“అంత పంతమెందుకు నాన్నా?”

“పంతం కాదమ్మా. ఇరవై రెండేళ్ళు యాత్రకెళ్ళేవాళ్ళని ఆ గేటు దగ్గర దింపాను. వాళ్ళు చెయ్యూపుతుంటే అద్దంలో చూసుకుంటూ బండి తిప్పుకొచ్చేసేవాణ్ణి. ఈసారి చెయ్యూపేది నేను.”