మారెమ్మ పుస్తకం, శ్రీరంగప్ప గారి సందేహం

పందొమ్మిది వందల డెబ్బై ఆరు జూన్ పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం, గార్లదిన్నె సమీపంలోని ఒక శాఖా గ్రంథాలయంలో సహాయకులుగా శ్రీ శ్రీరంగప్ప గారు బాధ్యతలు స్వీకరించారు. తలుపు తీసిన కాసేపటికే ఒక పెద్దమనిషి లోపలికి వచ్చి, "మంచి పుస్తకం ఒకటి ఇయ్యప్పా" అన్నాడట. ఏది మంచిదో నిర్ణయించే అధికారం తనకు ఉన్నదో లేదో నియామక ఉత్తర్వులో ఎక్కడా కనిపించక, "మీరే చూసుకోండన్నా, నాకు తెలీదు" అని శ్రీరంగప్ప గారు బీరువా తెరిచి పక్కకు జరిగారు. ఈ నవంబరు ముప్పయ్యో తేదీన పదవీ విరమణ చేస్తున్న వేళ కూడా, అదే వినయంతో, కొంత అదే అయోమయంతో, ఆయన మన మధ్య కూర్చుని ఉన్నారు.

సేవాకాలమంతా ఆయనను వెంటాడిన సందేహం ఒక్కటే. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడ నొప్పి పుట్టిన మనిషి, సాయంత్రానికి గ్రంథాలయానికి వచ్చి, వాన కోసం ఆకాశం చూసే మనిషి కథనే ఎందుకు అడుగుతాడు? స్వయంగా ఆయనకు రాజుల కథలు, సముద్రయానాలు, దట్టమైన అడవులు ఇష్టం. యాడికి అనే ఊరికి బదిలీ అయి, పుస్తకాలు సిఫారసు చేసే అవకాశం వచ్చినప్పుడు, ఎండిన కళ్ళకు చల్లగా ఉంటుందని నదులు, పడవలు, కొబ్బరితోటలు ఉన్న నవలలు ఏరి ఏరి తెప్పించారు. అవి వచ్చినంత కొత్తగానే బీరువాలో ఉండిపోయాయి. మన పల్లెల మీద, మన సంతవీధుల మీద, మన మాటలోనే రాసిన పలుచని పుస్తకాలు మాత్రం అట్టలు ఊడి, కుట్లు తెగి, అన్నం మెతుకులు అంటుకుని తిరిగి వచ్చేవి.

అక్కడి పాఠకులలో రామదాసు అనే బస్సు కండక్టరు ఒకరోజు కోపంగా వచ్చి కథల పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టాడు.

"సార్, ఈ రాసినాయన ఎప్పుడన్నా బస్సెక్కినాడా? ఆ బస్సు ఆ చెరువుకట్ట కాడ నిలబడదు. ఆ రూట్లో నేను టికెట్లు కొట్టినా."

"కథే గదా రామదాసన్నా."

"కథయితే మాత్రం? ముసలామెను ఆడ దింపేసినాడు. రెండు మైళ్ళు నడవల్ల ఆమె, ఎండలో!"

నచ్చలేదు కాబోలని శ్రీరంగప్ప గారు పుస్తకం వెనక్కి తీసుకోబోతే, రామదాసు గట్టిగా పట్టుకున్నాడు. "ఇంగో వారం ఉండనీ సార్. ఆమె ఇల్లు చేరిందో లేదో చూడల్ల."

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే, వారి శ్రీమతి బయమ్మ గారు "చేరిందా మరి?" అని అడిగారట. తాను చదవలేదని చెప్పడానికి ఆయనకు మొహమాటం కలిగింది. ఆనాటి నుండే ఆయన ఆ పుస్తకాలను చదవడం మొదలుపెట్టారు. చదివిన కొద్దీ సందేహం తీరకపోగా మరింత చిక్కబడింది. బాగున్నాయి; ఎందుకు బాగున్నాయో తెలియదు.

పందొమ్మిది వందల తొంభై ఏడులో గ్రంథపాలకులుగా మన శాఖకు వచ్చారు. తనకల్లు బస్సులు ఆగే చోట, రేకుల కప్పు కింద ఉన్న ఈ గదికి కిటికీ తలుపులు పెట్టించినది, స్త్రీలకు ఒక బల్ల విడిగా వేయించినది ఆయనే. ఇక్కడి బీరువాలో అట్ట ఊడిపోయి, పేరు కూడా పోయిన చిన్న నవల ఒకటి ఉండేది. భర్త పోయిన ఒక మెట్టరైతు స్త్రీ, ఒక జత ఎద్దులు, వరసగా ఎండిన వేరుశనగ పైర్లు, అంతే కథ. ఆ స్త్రీ పేరు మారెమ్మ కాబట్టి అందరూ దానిని మారెమ్మ పుస్తకం అనేవారు. రెండు వేల ఒకటిలో ఆ పుస్తకాన్ని గౌతమి అనే సభ్యురాలు తీసుకువెళ్ళి, గడువు దాటినా తిరిగి ఇవ్వలేదు. పోస్టుకార్డుకు జవాబు రాకపోతే శ్రీరంగప్ప గారే బస్సెక్కి ఆమె పల్లెకు వెళ్ళారు.

విత్తే కాలం దగ్గరపడింది. గౌతమి అత్తగారు నల్లమ్మ ఇంటి వసారాలో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని విత్తనపు కాయలు ఒలుస్తున్నారు. మారెమ్మ పుస్తకం చేట పక్కన ఉంది. గౌతమి నీళ్ళకు పోయింది.

"పుస్తకానికి వచ్చినావా సారూ? తీస్కోపోదువులే. కోడలు చదివి చదివి గొంతు పోగొట్టుకున్యాది. ఆ కడాఖరు పేజీ ఇంగోసారి చదివి వినిపించప్పా, పుణ్యముంటాది" అన్నది నల్లమ్మ.

శ్రీరంగప్ప గారు కళ్ళజోడు సవరించుకుని, చాపమీద కూర్చుని చదివారు. మారెమ్మ ఎద్దులను సంతకు తోలుకుపోతుంది. బేరం కుదురుతుంది. పగ్గం కొన్నవాడి చేతికి ఇచ్చి, నాలుగడుగులు నడిచి, తిరిగి వచ్చి ఆ పగ్గం లాక్కుంటుంది. ఎద్దులను ఇంటికి తోలుకువచ్చి, గూటానికి కట్టి, గడప మీద కూర్చుంటుంది. అక్కడికి కథ అయిపోతుంది.

చేటల్లో చేతులు ఆగిపోయాయి.

"అట్ల లేదు గదప్పా! ఆమె ఎద్దులమ్మి బెంగళూరు బస్సెక్కింది గదా!" అన్నది నల్లమ్మ.

"కండక్టరు చిల్లర గూడ ఇయ్యలేదు" అన్నది పక్కనున్నామె.

"ఆడ మేస్త్రి మంచోడు. కొళాయి ఇంట్లోనే ఉండాది" అన్నది మరొకామె.

ఆయన కంగారుగా పేజీలు ముందుకు వెనక్కు తిప్పి చూశారు. "కొళాయి... ఈడ యాడా లేదమ్మా."

అప్పటికే నీళ్ళబిందెతో గుమ్మంలో గౌతమి నిలబడి ఉంది. ఆ వారం సంతలో ఎద్దులను అమ్మేసి, తన కొడుకు, గౌతమి భర్త జోయల్ వెంట బెంగళూరు బయలుదేరడానికి నల్లమ్మ ఒప్పుకుని ఉంది. ఎంత బతిమాలినా కదలని మనిషి, మారెమ్మే కదిలింది గదా అని ఒప్పుకుంది.

"ఏమ్మే, నువ్వు చదివిందేంది, సారు చదివిందేంది?"

గౌతమి బిందె దించింది. "మూడేండ్లుగా ఇత్తనాలు మన్నులో పోసి వస్తాండాం అత్తా. మారెమ్మన్నా బయటపడితే, నువ్వూ కదుల్తావనుకున్యా. అట్ల చదివితి." ఆ తరువాత శ్రీరంగప్ప గారి వైపు తిరిగి, "ఉండేది ఉన్నట్ల చదివినారు, మీ తప్పేం లేదు సార్" అన్నది. ఆ మాట కోపంగా అన్నదో, మన్నింపుగా అన్నదో ఆయనకు ఈనాటికీ అర్థం కాలేదు.

సంత రోజు ఉదయం గ్రంథాలయం తెరిచిన కాసేపటికి చూస్తే, బయట కరెంటు స్తంభానికి ఒక ఎర్రెద్దు, ఒక తెల్లెద్దు కట్టి ఉన్నాయి. లోపల నల్లమ్మ. ఆమె వెనకాల తల వంచుకుని గౌతమి, జోయల్. నల్లమ్మకు చదువు రాదు. ఎవరి చదువును నమ్మాలో తెలియక, పత్రికలు చదువుకుంటున్న వారందరి చేతికీ ఒక్కొక్కరుగా ఆ పుస్తకం ఇచ్చి చివరి పేజీ చదివించింది. గోడ మీద 'నిశ్శబ్దము పాటించండి' అన్న పలక కింద అందరూ గొంతెత్తి చదివారు. అందరి నోటా మారెమ్మ ఎద్దులతో తిరిగి వచ్చింది.

"అందరూ ఒకే మాట చెప్తాండారే! ఎవరో ముందే చెప్పిపెట్టినట్లుండాది" అని నల్లమ్మ ఇంకా సందేహించింది. చివరకు శ్రీరంగప్ప గారి బల్ల దగ్గరకు వచ్చింది. "సరే, తిరిగొచ్చింది. నువ్వు చెప్పప్పా, ఆయమ్మ చేసింది మంచిపనేనా? సంతకు పొద్దు పోతాండాది."

ఉండమంటే మరొక కరువుకు ఆ ఇంటిని ఒప్పగించినట్లు; పొమ్మంటే ఆ ముసలామెను తన నేల నుండి పెకలించినట్లు. శ్రీరంగప్ప గారు ఎద్దుల వైపు చూశారు, గౌతమి వైపు చూశారు, పుస్తకం వైపు చూశారు.

"నాకు తెలీదమ్మా."

"ఇన్ని పుస్తకాలు పెట్టుకోని తెలీదంటావేమప్పా!" అని నల్లమ్మ అక్కడే నేల మీద కూలబడింది. తరువాత లేచి కొడుకుతో అన్నది: "ఎర్రదాన్ని అమ్ము. తెల్లది ఉంటాది."

జోయల్ నిర్ఘాంతపోయాడు. "ఒంటెద్దుతో ఏం సేద్యం చేస్తావు మా?"

"మన పక్కింటి కొండప్ప ఎద్దు ఒకటి పోయినేడు సచ్చె గదా. వానిదొకటి, నాదొకటి కడితే కాడి అయితాది. దుడ్లు తీస్కోని మీరిద్దరూ పోండి. నేనుంటా."

"మారెమ్మ అట్ల చెయ్యలేదు గదత్తా" అన్నది గౌతమి, ఏడుపు గొంతుతో.

"మారెమ్మకు కొండప్ప లేడు గదమ్మే."

ఆ సంవత్సరం వానలు అరకొరగానే పడ్డాయి. నల్లమ్మ నిలిచింది, జోయల్, గౌతమి బెంగళూరులో నిలదొక్కుకున్నారు. అందువల్ల ఆ నిర్ణయం సరైనదని బయమ్మ గారు అంటారు. శ్రీరంగప్ప గారు మాత్రం అదీ తనకు తెలియదనే అంటారు. ఏటా క్రిస్మస్‌కు వచ్చినప్పుడు గౌతమి గ్రంథాలయానికి వచ్చి అటువంటి పుస్తకాలే అడుగుతుంది. "మా కూలోళ్ళ షెడ్లల్లో అంతా మనోళ్ళే సార్. పని నుంచి వచ్చినాక చదవమని అడుగుతారు." ఊరు వదిలి వెళ్ళినవారికి ఊరి పుస్తకమెందుకో కొంత తెలిసినట్లే అనిపించి, ఊళ్ళోనే ఉన్న నల్లమ్మ కూడా అదే అడగడం గుర్తుకు వచ్చి, ఆయన మళ్ళీ మొదటికి వచ్చేవారు. "ఉండేది ఉన్నట్లే చదువుతాండావా?" అని ఒకసారి అడిగితే, గౌతమి నవ్వి వెళ్ళిపోయిందట.

ఎందరి చేతుల్లోనో పడిన ఆ చివరి పేజీ కుట్టు నుండి వదులై, ఎప్పుడో ఎక్కడో జారిపోయింది. గత వారం బాధ్యతలు అప్పగిస్తున్నప్పుడు, కొత్తగా వచ్చిన శ్రీ కిరణ్ గారు ఆ ప్రతిని రద్దు చేయవలసిన పుస్తకాలలో చేర్చబోయారు. శ్రీరంగప్ప గారు దానిని అడిగి తీసుకుని, ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, ఒక తెల్లకాగితం మీద ఆ పేజీని జ్ఞాపకం నుండి తన గుండ్రని అక్షరాలతో రాసి, మైదాపిండి జిగురుతో అతికించారు. ఒక్క మాట మార్చలేదు. మారెమ్మ ఎద్దులను గూటానికి కట్టింది, గడప మీద కూర్చుంది. దాని కింద సగం పేజీ ఖాళీగా వదిలారు.

"కింద ఏమైనా రాయాలా సార్? ఎందుకు వదిలారు?" అని కిరణ్ గారు అడిగారు.

"ఏమోనప్పా, నాకూ తెలీదు" అన్నారు శ్రీరంగప్ప గారు.

తెలియదన్న మాటను ఇంత నిజాయితీగా, ఇంతకాలం, ఒక ప్రభుత్వ కుర్చీలో కూర్చుని పలికిన సహృదయునికి పాఠకులందరి తరఫున అభినందనలు. ఆ సగం పేజీ ఎందుకు వదిలారో ఆయనకు బోధపడే దాకా, బోధపడిన తరువాత కూడా ఎన్నో వానాకాలాల పాటు, శ్రీమతి బయమ్మ గారి తోడుగా, కంటిచూపు తగ్గకుండా, శ్రీరంగప్ప గారు చల్లగా ఉండాలి. ఇకమీదట వారు బల్లకు అవతలి వైపు నుండి వచ్చి, మంచి పుస్తకం ఒకటి ఇయ్యప్పా అని అడగాలి.