కార్డు గీకిన చోట్లు

కల్లంలో తాలు మిరపకాయలు ఏరుతున్న భార్య, మొగుడు బండి దిగగానే, ఆయన మర్చిపోయి వెళ్లిన ఫోన్ చేతికిచ్చింది.

"క్రెడిట్ కార్డు వాళ్లు చేశారండీ. మీ ఖర్చుల తీరు మారిందంట, మీ సంగతి మళ్లీ పరిశీలిస్తున్నారంట."

"వాళ్లకి వేరే పనేముంది?"

"పురుగుమందుల కొట్లో గీకడం తగ్గిందంట. గుంటూరు క్యాన్సర్ ఆసుపత్రిలో ఎక్కువైందంట."

ఆయన కాయల పక్కనే కూలబడ్డాడు.

"మిర్చి యార్డుకని చెప్పి వెళ్లేది అక్కడికా?"

"కాయ అమ్మాక చెబుదామనుకున్నానే."

"వాళ్లకి మాత్రం ముందే చెప్పారు."

"నేనెక్కడ చెప్పాను? గీకిన ప్రతి చోటా వెనకాలే ఉండి చూస్తుంటారు."

"పక్కలో పడుకునేదాన్ని, నాకు కనపడలేదు. ఎక్కడో కూర్చున్నోళ్లకి కనపడింది."

ఆయన చేతిలో ఫోన్ మోగింది. వచ్చిన మెసేజ్ రెండుసార్లు చదువుకున్నాడు.

"ఏమంటారు?"

"నా లిమిట్ సగానికి తగ్గించారంట."

"ఎందుకు?"

"ఎన్నాళ్లుంటానో డాక్టరే ఇంకా తేల్చలేదు. వీళ్లు తేల్చేసుకున్నట్టున్నారు."