బొమ్మ వీపు

మెకాంగ్ నది ఒడ్డున చిన్న మ్యూజియంలో గోడగూట్లో ఉన్న, సైనికుడిదని పేరుపడ్డ పాత మట్టిబొమ్మను కదిపితే పొడైపోతుంది. దాన్ని చూసుకునే అక్కకు ఇంజనీరు తన పరికరాన్ని చూపించాడు.

“బొమ్మని తిప్పొద్దక్కా. దాని చుట్టూ కెమెరానే తిప్పుదాం.”

“వెనక వేలెడు సందేగా, ఎలా పడుతుందిరా?”

“సైకిల్ చక్రం సగానికి కోసి, గుండీ అంత కెమెరా బిగించా. అంచుమీద రైల్లా జారుతుంది.”

“బొమ్మకి తగిలిందో, నిన్ను ఏట్లో పడేస్తా!”

“ఊపిరి బిగబట్టు... అయిపోయింది! ఫొటోలన్నీ అతుక్కుని బొమ్మ తయారైంది. తెరమీద తిప్పి చూడు.”

“వీపు మీద ఆ మూటేంటి?”

“పెద్దది చెయ్యక్కా.”

“చిన్న కాళ్ళు! ఒరేయ్, పసిబిడ్డరా! వీపుకి కట్టుకుంది!”

“ఏడుస్తున్నావా?”

“నవ్వుతున్నాన్రా! ఇన్నేళ్ళూ సైనికుడనుకున్న మనిషి తల్లిరా! తలుపులు తియ్, అందర్నీ పిలు!”