పదకొండో బోర్డు

సభాధ్యక్షులు, మన సెక్టర్ నాలుగు తెలుగు సంఘానికి పెద్దదిక్కు అయిన వాసుదేవరావు గారికి, ఈ మే నెల ఎండలో నాకు శాలువా కప్పి, సభ అయ్యేదాకా తీయొద్దని సైగ చేసిన గురుమూర్తి గారికి, శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చి నాలాగే ఇక్కడి ఇనుపధూళికి అలవాటు పడిపోయిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, తెలుగులో విని హిందీలో నవ్వే మన పిల్లలకు నా నమస్కారాలు. (నవ్వులు)

ముప్ఫై ఆరేళ్ళు ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేసి ఇవాళ రిటైరవుతున్నాను. ఇంతసేపూ వక్తలు నా సమయపాలన గురించి, సౌమ్యత గురించి చెబుతుంటే, ఈ అప్పలసూరి ఎవరో మంచివాడిలా ఉన్నాడే, ఒకసారి కలవాలి అనుకున్నాను. (నవ్వులు) ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను జోకులు రాస్తాను. నవ్వకండి, ఇది జోకు కాదు.

మా అమ్మాయి మేఘన, అదిగో మూడో వరసలో తల దించుకుని కూర్చుంది, స్టాండప్ కామెడీ చేస్తుంది. అంటే రాయపూర్‌లో ఒక కాఫీ దుకాణంలో మైకు పట్టుకుని, ఐదు నిమిషాలు హిందీలో మాట్లాడి, ముక్కూ మొహం తెలియనివాళ్ళను నవ్వించాలి. రెండేళ్ళ కిందట వచ్చి, ఇంటి సంగతుల మీద జోకులు కావాలి, నువ్వూ రాయి నాన్నా అంది. పని అప్పగించాక ఒక పద్ధతి ఉండాలి కదా. మా సెక్షన్లో మూడు సంతకాలు పడనిదే మోటారు మీద చెయ్యి వేయం. అందుకని జోకులకూ ఒక రిజిస్టరు తెరిచాను. రాసినవారి సంతకం, విన్నవారి సంతకం, ఎవరి మీద జోకో వారి సంతకం. మూడూ పడితేనే జోకు స్టేజి ఎక్కాలి.

వినేవాడిగా నా పాత స్నేహితుడు తిరుమలరావును పెట్టుకున్నాను. పక్కనున్న రుఆబాంధా కాలనీ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, టీ తాగి, నా జోకు విని, ప్రతిదాని కిందా ఒకటే రాసేవాడు: "విన్నాను. ప్రాణాపాయం లేదు." (నవ్వులు) మా ఆవిడ సత్యలక్ష్మి మీద రాసినదానికి ఆవిడేమో "చదివాను, పాలు పొంగిపోయాయి" అని రాసి సంతకం పెట్టింది. అది మెప్పో, ఫిర్యాదో ఇప్పటికీ తేలలేదు. ఈ విధంగా ఆరు నెలల్లో నలభై ఒక్క జోకులు తయారయ్యాయి. ఒక్కదానికీ ఎవరూ నవ్వలేదు గానీ, కాగితాలు మాత్రం అన్నీ సక్రమంగా ఉన్నాయి.

ఒక ఆదివారం మేఘన తన సొంత పుస్తకం తెచ్చి మా ముగ్గురి ముందూ నిలబడి చదివింది. "మా నాన్న ఇంట్లో బల్బు మార్చాలన్నా మూడు సంతకాలు తీసుకుంటాడు. మూడోది పడేసరికి తెల్లారిపోద్ది, ఇంకా బల్బెందుకు?" తిరుమలరావు టీ ఒలకబోసుకున్నాడు. సత్యలక్ష్మి గోడ పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు రెండోది చదివింది. "మా నాన్నకి నేనంటే శానా ప్రేమ. సంతకాలే ఇంకా రాలేదు."

మీరు నవ్వవచ్చు, ఆ రోజు వాళ్ళూ నవ్వారు. నేను మాత్రం లేచి, డ్యూటీ సంచిలోంచి డేంజర్ బోర్డు తీసి, ఆ పుస్తకానికి కట్టి గోడ మేకుకు తగిలించాను. తెలియని పిల్లలకు చెబుతున్నాను. కరెంటు పని చేసేవాడు స్విచ్చి ఆపి, "మనుషులు పనిచేస్తున్నారు, వేయరాదు" అన్న బోర్డు తగిలిస్తాడు. తగిలించినవాడే దాన్ని తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా ముట్టుకోకూడదు, అవతల తీగ మీద ఒకడి ప్రాణం ఉంటుంది కనుక. నా కూతురు టౌన్‌షిప్పులో పుట్టిన పిల్ల. ఏడాదిన్నర ఆ పుస్తకం జోలికి పోలేదు. దసరాకు గోడకు రంగు వేయిస్తూ సత్యలక్ష్మి కూడా దాని చుట్టూ వేయించింది. (నవ్వులు)

మేఘన ఇంకో పుస్తకం కొనుక్కుని, అందరూ రాస్తున్నారని విమానాశ్రయాల మీద జోకులు రాసుకుంది. విమానం ఎక్కిన పిల్ల కాదు. డిసెంబరులో నేను చెప్పకుండా రాయపూర్ వెళ్ళి వెనక కూర్చున్నాను. వినేవాళ్ళు పన్నెండుమంది, వాళ్ళలో తొమ్మిదిమంది తమ వంతు కోసం వచ్చిన కమెడియన్లే. బోర్డింగ్ పాసు జోకుకు ఎవరూ నవ్వలేదు. నేను అలవాటు కొద్దీ పెన్ను వెతుక్కున్నాను. (నవ్వులు) అది "థాంక్యూ" అని దిగిపోయింది. ఆ మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. అయినా ఇంటికొచ్చి బోర్డు తీయలేదు. తీస్తే, ఏం పని జరిగిందో రిజిస్టరులో రాయాలి. ఏం రాయను? ఏడాదిన్నరగా అలిగి కూర్చున్నాను, అంతే.

వచ్చే శనివారం అక్కడే మేఘనకు పది నిమిషాలు ఇచ్చారట. ఈసారీ ఎవరూ నవ్వకపోతే మానేస్తానని వాళ్ళమ్మతో చెప్పింది. మొన్న నేను స్టోరులో సామాను అప్పగిస్తుంటే, నా పేర పదకొండు బోర్డులుంటే పదే వచ్చాయన్నాడు స్టోర్‌కీపరు మనోజ్‌కుమార్. "ఒకటి ఎక్కడో యేలాడతా ఉంది భయ్యా. బిచారా, ఎవులో ఆ స్విచ్చి ఎయ్యలేక కూకొని ఉంటారు కదా" అన్నాడు. పాపం అతనికి ఏమీ తెలియదు.

అందుకని ఇవాళ తెచ్చాను. ఈ శాలువా కింద ఉన్నది పొట్ట కాదండీ. (నవ్వులు) ఇదిగో పుస్తకం, ఇదిగో బోర్డు. మేఘనా, పైకి రా అమ్మా. ముడి బిగిసిపోయింది... వద్దు గురుమూర్తి గారూ, మీరు పట్టుకోకండి, నేనే విప్పాలి. హమ్మయ్య. మనోజ్, ఇదిగో నీ పదకొండోది.

ఆ రెండో జోకు నిజమనే నాకు కోపం వచ్చిందమ్మా. నా నలభై ఒక్కటిలో ఒక్క నిజమూ లేదు, అందుకే ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు దీని కింద సంతకం పెడుతున్నాను. సంతకం పడితే నీ జోకు పాడవుతుందని తెలుసు. రేపటి నుంచి నేను ఖాళీయే, ఎదురుగా కూర్చుంటాను, నా మీద ఎన్ని కావాలంటే అన్ని రాసుకో.

ఏటమ్మా? మైకులో చెప్పు.

"నాన్నా, రూల్ అంటే రూల్. ఇంకా దో సిగ్నేచర్ బాకీ." (నవ్వులు, చప్పట్లు)

నిజమే. రాసినదానివి నువ్వు, ముందు నువ్వు పెట్టు. పెన్ను మీ అమ్మ ఇస్తోంది చూడు. ఇక విన్నవారి సంతకం. తిరుమలరావు లేచి వస్తున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటావేటిరా, రాయి.

భోజనాలు చల్లారిపోతున్నాయని వాసుదేవరావు గారు గడియారం చూస్తున్నారు. ఇంతసేపు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. మా వాడు ఏం రాశాడో చదివి దిగిపోతాను.

"విన్నాను. ప్రాణాపాయం తప్పింది."

సెలవు.