నాలుగు సెకన్ల చేతులు

ఏది కొనాలంటావా? కూర్చో చినాత్సూ, నిలబడి అడిగే మాట కాదది. మీ నాన్న రికార్డు చేసుకున్న డిస్కులు చూడ్డానికేగా? అయితే కొత్తది వద్దు. పాత రికార్డరే వెతుకు, మీ నాన్న వాడిన కంపెనీదే వెతుకు. ఇంట్లో రికార్డు చేసిన డిస్కుకి ఆఖర్న ఒక ముద్ర పడాలి. ఫైనలైజ్ అనేవాళ్ళం. అది వెయ్యకపోతే పక్కింటి మిషన్‌లో పెడితే ఖాళీ డిస్కే అంటుంది. మీ నాన్న వేసుండడు. ఈ సెంజాకి ఊళ్ళో సగం మంది వెయ్యలేదు. నేను కనపడిన వాళ్ళనల్లా "వేశారా?" అని అడిగేవాణ్ణి, పళ్ళు తోముకున్నావా అని పిల్లల్ని అడిగినట్టు. "ఈయన చావింటికెళ్ళినా అదే అడుగుతాడు" అని మా ఆవిడ నోబుకో అందరి ముందూ వేళాకోళం చేసేది. నిజంగానే ఒకసారి అడిగాననుకో, అది వేరే సంగతి.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఎంచుకోవడం. ఆ రోజుల్లో నా టీవీల షాపుకొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే గోల, ప్రకటనలు దానంతటదే తీసేసే మిషన్ కావాలని. ఎన్ని గంటలు పడుతుంది, డిస్కు ప్లస్సా మైనస్సా, అవన్నీ తర్వాత. నాటకం మంచి పట్టులో ఉండగా సబ్బులమ్మేవాడు వచ్చి పళ్ళికిలిస్తే ఎవరికి బావుంటుంది చెప్పు? ఆ మిషన్లు నేను నలభై దాకా అమ్మాను. అందులో ఒకటి షిగెనో గారికి. నీకు తెలీదులే. రేవు పక్క సందులో ఉండేది. పొట్టిగా, ఎప్పుడూ ఊదారంగు ఏప్రన్‌లో. వాళ్ళాయన తామోత్సు అక్కడి కమబొకో కారఖానాలో ముప్పయ్యేళ్ళు చేశాడు. చెక్క పలక మీద చేపముద్ద పెట్టి కత్తితో గుండ్రంగా దిద్దడం, అదీ ఆయన పని. పొద్దున మొదలెడితే సాయంత్రం దాకా అదే. మనం కొత్త సంవత్సరం పూట తినే ఆ గులాబీ అంచు ముక్కలు ఎన్ని వేలు ఆ చేతుల్లోంచి వచ్చాయో. ఆయన జనవరిలో పోయాడు. గుండె. నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక, మార్చి మొదట్లో, ఆవిడ షాపుకొచ్చింది.

వచ్చి గుమ్మంలోనే నిలబడి, "షాపాయన గారూ, ఈ రికార్డరు అనేది ప్రకటనలు కూడా పట్టుకుంటుందా అండీ?" అని అడిగింది. ఈవిడదీ అందరి గోలే అనుకున్నాను నేను. "మీకా భయమే అక్కర్లేదు, డిస్కు మీదకి ఎక్కించేటప్పుడు ఒక్కటి కూడా మిగలకుండా ఊడ్చేస్తుంది" అన్నాను, గర్వంగా, ఆ ఊడ్చేది నేనే అయినట్టు. ఆవిడ "నాకంత శుభ్రం అక్కర్లేదండీ" అంది. చూడు మరి, ఇప్పుడు తల్చుకున్నా... మన ఊళ్ళో వద్దండీ అంటే ఏం చేస్తాం? గిన్నెలో ఇంకో గరిటె వేస్తాం. వద్దనడం వాళ్ళ మర్యాద, వెయ్యడం మన మర్యాద. నేనూ అలాగే అనుకున్నాను. మొహమాటపడుతోంది పాపం, అనుకున్నాను. మిషన్ తీసుకెళ్ళి బిగించి, ఆవిడ వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఆ ఊడ్చే మీట నొక్కి వచ్చాను. అడక్కుండా చేసిపెట్టే సేవ! నోబుకోకి కూడా చెప్పుకున్నాను, "ఆవిడ అడగలేదు, అయినా చేశాను" అని.

తర్వాత మూడు వారాలు ఆవిడ టీవీ ముందునుంచి లేవలేదట. మన స్థానిక ఛానల్ పొద్దున ఆరింటినుంచి రికార్డు. వంటల కార్యక్రమం, వాతావరణం, పాత డిటెక్టివ్ నాటకాలు, ఏదైనా సరే. మిషన్ లోపలుండే హార్డ్ డిస్కు నిండిపోయేది. నిండగానే వెనక్కీ ముందుకీ తిప్పుతూ చూసి, చెరిపేసి, మళ్ళీ మొదలు. సందులో వాళ్ళు "భర్త పోయాక టీవీ పిచ్చి పట్టింది" అని చెవులు కొరుక్కున్నారు. కూరల షాపు ఒచియాయి గారైతే నాతోనే అంది, "ఆ మిషన్ అమ్మి నువ్వే పాడుచేశావయ్యా ఆవిణ్ణి" అని. ఇరవై ఏడో తారీఖున ఫోను. ఆదివారం, బాగా గుర్తు. "పొద్దుటి వంటల కార్యక్రమం డిస్కు మీదకి ఎక్కించి పెడతారా? నా వేళ్ళ మీద నాకు నమ్మకం లేదు" అంది. గొంతు వణుకుతోంది. వంటల కార్యక్రమానికి గొంతు వణకడమేంటి అని అడగాలా వద్దా? అడగలేదు. వెళ్ళాను. ఆవిడ టీ పెడతానని లోపలికెళ్ళింది. ఎక్కించాను. ముద్ర కూడా వేశాను. హార్డ్ డిస్కు కిక్కిరిసి ఉంటే, ఇంత చెత్త ఎందుకని మొత్తం చెరిపేశాను. ఇదీ సేవే! టీ తాగి, రెండు నారింజలు జేబులో వేసుకుని వచ్చేశాను.

మర్నాడు షాపు తెరుస్తుంటేనే వచ్చింది. ఏప్రన్ లేదు, నల్ల కోటు. రెండు చేతులూ కలిపి నడుం దాకా వంగి, "క్షమించండి, మీరంత బాగా చేసిపెట్టి వెళ్తే నేను పాడుచేశాను" అంది. ఏమైందంటే, నేను వెళ్ళాక డిస్కు పెట్టిందట, తెర మీద ఏదో అడిగితే అవునని నొక్కిందట. చూస్తే వంటలున్నాయి, ప్రకటనలు లేవు. హార్డ్ డిస్కులో వెతికితే ఏమీ లేదు. "ఏది నొక్కానో ఏమో, ఈ వేళ్ళని నరకాలి" అంది. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. "పోతే పోయాయి, ప్రకటనలేగా" అన్నాను. అప్పుడు చెప్పింది. కారఖానా వాళ్ళు కిందటేడు శరదృతువులో ఒక ప్రకటన తీశారు. పదిహేను సెకన్లు. మధ్యలో నాలుగు సెకన్లు, చేపముద్ద దిద్దుతున్న రెండు చేతులు. మొహం కాదు, ఒట్టి చేతులు. అవి తామోత్సువి. ఆయనకి ఫొటో అంటే గిట్టదు. పూజా పీఠం మీద పెట్టింది కూడా లైసెన్సు ఫొటోనే, కొయ్యబొమ్మలా ఉంటాడు. ఆయన కదులుతూ కనిపించేది ఈ లోకంలో అదొక్కటే. అది ఎప్పుడు వేస్తారో ఎక్కడా రాసి ఉండదు. మార్చి నెలాఖరుతో ఆపేస్తారని కారఖానా మేనేజరు చెప్పాడట. మూడు వారాలకి ఒక్కసారి దొరికింది.

ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

నేను చెప్పాలిగా? "అమ్మా, మీ వేళ్ళు కాదు, నావి" అనాలిగా? నోరు తెరిచాను. తెరిచి, "ఎవరికైనా జరుగుతుందండీ, ఆ మీటలు అలా ఉంటాయి" అన్నాను. అంతే. అంత తేలిగ్గా వచ్చేసింది. ముప్పయ్యేళ్ళుగా ఊళ్ళో నాకున్న పేరంతా ఆ ఒక్క మాట వెనక్కి పోయి దాక్కుంది.

కారఖానాకి ఫోన్ చేశాను. ఆఫీసులో అమ్మాయి, "టేపు మా దగ్గర లేదండీ, హిరోషిమా వాళ్ళు తీశారు, వాళ్ళు ఏప్రిల్లో గానీ వెతకరు, అప్పటికి ఉంచుతారో లేదో" అంది. సరే, షాపు కిటికీలో అమ్మకానికి పెట్టిన రికార్డర్లు నాలుగు ఉన్నాయి, నా సొంతది ఒకటి. ఐదూ ఆ ఛానల్‌కే పెట్టాను. ఊడ్చే మీటలన్నీ ఆపేసి, ఆపానా లేదా అని రెండేసి సార్లు చూశాను. ఒకటి ఆగినా మిగతావి ఉంటాయని. షిగెనో గారు స్టూలు మీద కూర్చునేది, నేను కౌంటరు వెనక. అద్దంలోంచి ఐదు ఎర్ర దీపాలు చూసి జనం, "ఏంటయ్యా, దొంగని పట్టుకుంటున్నావా?" అనేవాళ్ళు. అవును, నేనే దొంగని. అప్పుడు తట్టలేదులే ఈ మాట. నోబుకో మా ఇద్దరికీ అన్నం ముద్దలు చేసి పెట్టేది. నోబుకోకీ చెప్పలేదు నేను. తను పోయేదాకా చెప్పలేదు.

ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై, ఏమీ లేదు. ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడు ముప్పావు. పాత నాటకంలో ఇన్‌స్పెక్టరు మేడ మెట్లెక్కుతున్నాడు, ప్రకటనలకి ఆపారు. తలనొప్పి మాత్ర. కారు. తర్వాత ఆ చేతులు. షిగెనో గారు లేచి నిలబడింది. నాలుగు సెకన్లంటే ఎంతనుకున్నావు? లేచేలోపు అయిపోయింది. కానీ ఐదు మిషన్లలోనూ పడింది. వెనక్కి తిప్పి పెట్టాను. చూసింది. మళ్ళీ పెట్టమంది. మూడోసారికి ఆవిడ, "అబద్ధాలకోరు! కత్తి అలాగా పట్టుకునేది నువ్వు? కెమెరా ఉందని సోకు! ఆ మోచెయ్యి దించు, దించవయ్యా" అని తెరని తిట్టడం మొదలెట్టింది. తిడుతూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది. బ్యాటరీలు కొందామని వచ్చిన మనిషి గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోయాడు. పదకొండుసార్లు వేశాను. లెక్కపెట్టాను, ఇంకేం చెయ్యాలో తెలీక.

తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. ప్రతి డిసెంబరు ఇరవై ఎనిమిదో తారీఖున ఆ కారఖానా కమబొకో ఒక జత, తెల్లదీ గులాబీదీ, గుడ్డలో చుట్టి తెచ్చేది. వంగి, "ఆనాడు నా వేళ్ళు చేసిన పనికి మీరు నాలుగు రోజులు షాపు పని మానుకున్నారు" అనేది. ప్రతి ఏడూ అదే మాట. ప్రతి ఏడూ, ఈసారి చెప్తాను అనుకునేవాణ్ణి. నేనూ వంగేవాణ్ణి. ఆవిడ కన్నా ఇంకా కిందికి వంగేవాణ్ణి, మొహం కనపడకుండా. ఆవిడ అది మర్యాద అనుకునేది. "మీరంత వంగకండి, నాకు సిగ్గేస్తుంది" అనేది.

తినేవాణ్ణి, ఏం చెయ్యను. బావుండేది.

...వాన మొదలైనట్టుంది. నీ సైకిలు లోపల పెట్టావా?